కరువు పని, స్టోరు బియ్యం, ఖాతాలో డబ్బు

ఈ నెల మా శీర్షికకు అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సంక్షేమ పథకాల గురించే ఉన్నాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ సమాధానం రాస్తున్నాను. రాసినవారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా తరగతిలో సంక్షేమం మీద చర్చ పెట్టినప్పుడు వామపక్ష ఆర్థికవేత్తల మాటలే ఒకదానికొకటి పొంతన లేకుండా కనిపించాయి. ఒకరు పని హామీ కావాలంటారు, మరొకరు అందరి ఖాతాల్లో డబ్బు వేయాలంటారు, ఇంకొకరు భూమి సమస్య తేలకుండా ఇవన్నీ కంటితుడుపేనంటారు. పేదల పక్షాన ఉన్నవారే ఇలా విడిపోతే ఎవరి మాట పట్టుకోవాలండీ?
– ఎం.ఏ. విద్యార్థి, అనంతపురం

జవాబు: మనిషి తిండి, చదువు, వైద్యం పూర్తిగా అతని కూలి బేరం మీదే ఆధారపడకూడదన్నది ఆ ముగ్గురికీ సమ్మతమే. అక్కడి నుంచి దారులు చీలాయి. ఒక్కొక్క దారి ఎందుకు పుట్టిందో తెలిస్తే మీ తికమక చాలావరకు తీరుతుంది.

పని హామీ గురించి మన జిల్లావాళ్లకు దూరపు ఉదాహరణలు అక్కర్లేదు. 2005లో వచ్చిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం అమలు 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి ప్రారంభించారు. బెల్జియంలో పుట్టి మన దేశ పౌరసత్వం తీసుకున్న ఆర్థికవేత్త జాన్ డ్రెజ్ ఆ చట్టం తొలి ముసాయిదా రాసినవారిలో ఒకరు. వంద రోజులన్న అంకె అందరికీ గుర్తుంది కానీ, పని అడిగిన 15 రోజుల్లోగా చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలన్న నిబంధనే ఆ చట్టానికి ప్రాణమని నేను అనుకుంటాను. అడిగే అధికారం కూలి మనిషికీ, జవాబు చెప్పే బాధ్యత సర్కారుకూ వచ్చింది అక్కడే.

ఆ నిబంధన విలువ తెలియాలంటే మన పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన ధాత కరువు దాకా వెనక్కి పోవాలి. 1876-78 నాటి ఆ కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. అనంతపురం అప్పటికి బళ్లారిలో భాగమే, 1882లో గానీ వేరు జిల్లా కాలేదు. అప్పుడూ సర్కారు కరువు పనులు పెట్టింది. కానీ 1877లో కరువు పనులను చూడడానికి వైస్రాయి పంపిన అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ రోజంతా పనిచేసిన మగమనిషికి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని కూలి తగ్గించాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఆ తిండితో పని చేస్తే మనిషి నిలవడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆ కాలపు అధికారుల దృష్టిలో పని ఒక పరీక్ష: నిజంగా ఆకలి ఉన్నవాడే ఇంత కష్టానికి, ఇంత తక్కువ కూలికి వస్తాడు, మిగిలినవాళ్లు రారు. అంటే పని పెట్టి కూలి ఇవ్వడమన్నది దానికదే పేదల పక్షపు ఆలోచన ఏమీ కాదు. అదే గడ్డపార, అదే కందకం ఒక కాలంలో శిక్షగా, మరొక కాలంలో హక్కుగా ఉన్నాయి.

ఆకలిని రుజువు చేసుకోవడానికి మనిషి ఎందుకు తవ్వాలి అని అడిగేవారే రెండో దారి పట్టారు. ముసలివాళ్లు, బాలింతలు, వికలాంగులు ఆ పరీక్షలో మొదటే ఓడిపోతారు కదా అన్నది వారి వాదన. బ్రిటిష్ ఆర్థికవేత్త గై స్టాండింగ్ వంటివారు షరతుల్లేని కనీస ఆదాయాన్ని సమర్థించి, మహిళా కార్మికుల సంఘం ‘సేవ’తో కలిసి మధ్యప్రదేశ్‌లో కొన్ని గ్రామాల్లో దాన్ని ప్రయోగించి చూశారు. ఆర్థికవేత్త ప్రణబ్ బర్ధన్ కూడా ఉన్నవారికి పోతున్న రాయితీలను మళ్లిస్తే మన దేశంలో అది సాధ్యమేనని రాశారు. 2016-17 ఆర్థిక సర్వే ఒక అధ్యాయమంతా ఈ విషయానికే ఇచ్చి, మనిషికి ఏడాదికి 7,620 రూపాయలని ఒక లెక్క కూడా కట్టింది. అయితే ఇటువంటి నగదు ఆలోచనను 1962లోనే స్వేచ్ఛా మార్కెట్‌ను సమర్థించే అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ వేరే ఉద్దేశంతో ముందుకు తెచ్చాడు. చేతికి డబ్బు ఇచ్చేస్తే ప్రభుత్వం మిగతా సంక్షేమ కార్యక్రమాల నుంచి తప్పుకోవచ్చన్నది ఆయన ఆశ. అందుకే డ్రెజ్, రీతికా ఖేరా వంటివారు నగదు ప్రతిపాదన వచ్చిన ప్రతిసారీ అది బియ్యంతో పాటు ఇచ్చేదా, బియ్యానికి బదులు ఇచ్చేదా అని నిలదీస్తూ వచ్చారు. ఈ ప్రశ్న అడగకుండా నగదు మంచిదా చెడ్డదా అని వాదించుకోవడం వృథా శ్రమ.

మూడో దారి మన నేలకు కొత్తది కాదు. తరిమెల నాగిరెడ్డి గారి తరం కమ్యూనిస్టులు ఈ జిల్లాలో భూమి ప్రశ్ననే ముందు పెట్టారు. కేరళలో 1970 నుంచి అమలైన భూసంస్కరణలు కౌలు వ్యవస్థను రద్దు చేశాయి. తరువాత అక్కడ పింఛన్లు, రేషను గట్టిగా నిలబడడానికి ఆ మార్పు వల్ల కూలీలకు, చిన్న రైతులకు వచ్చిన బలం ఒక కారణం. అయినా భూమి తేలేదాకా మిగతావన్నీ కంటితుడుపేనన్న వాదనతో నేను ఏకీభవించలేను. ఈ ఏడాది వాన తప్పిన ఇంటికి ఈ ఏడాదే తిండి కావాలి.

ఇక ఎవరి మాట పట్టుకోవాలన్నారు. నా మటుకు నేను పోలండ్ ఆర్థికవేత్త మిహాల్ కలెట్‌స్కీ 1943లో చెప్పిన సంగతిని గీటురాయిగా పెట్టుకుంటాను. అందరికీ పని దొరికే పరిస్థితిని యజమానులు వ్యతిరేకించేది ఖర్చుకు భయపడి మాత్రమే కాదనీ, పనిలోంచి తీసేస్తామన్న బెదిరింపు పనిచేయకుండా పోతుందన్న భయం అంతకంటే పెద్దదనీ ఆయన అన్నాడు. కరువు పని (ఉపాధి హామీ పనిని ఇక్కడ అలాగే అంటారు) వచ్చాక కూలీలు మాట వినడం లేదన్న ఫిర్యాదు మన పల్లెల్లో వినని రైతు సభ లేదు. ఆ మాటలోనే పథకం సాధించినదేమిటో ఉంది. అయితే ఐదెకరాల చెనిక్కాయ వేసి, బోరు ఎండిపోయి, తానే బెంగళూరుకు బేల్దారి పనికి పోయే రైతును కలెట్‌స్కీ చెప్పిన యజమానితో సమానం చేయకూడదు. వామపక్షం ఈ రైతుకు సరైన జవాబు ఇంకా చెప్పలేదన్నది నా అభిప్రాయం. గిట్టుబాటు ధర చేతికి వస్తే గానీ అతను కూలి పెంచలేడు.

2025 డిసెంబరులో పార్లమెంటు పాత ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్తది ఆమోదించింది. రోజులు 125కు పెరిగాయి. కానీ ఇంతకుముందు కూలీల వేతనం మొత్తం కేంద్రమే భరించేది. కొత్త చట్టం ప్రకారం ఖర్చులో 40 శాతం రాష్ట్రం పెట్టాలి, కేంద్రం కేటాయించిన మొత్తం దాటితే ఆ భారమంతా రాష్ట్రానిదే. వ్యవసాయ పనుల కాలంలో 60 రోజుల దాకా పనులు ఆపే వీలు కూడా పెట్టారు. అడిగినంత పని చూపాలన్న పాత నియమం, ఇచ్చినంత డబ్బులోనే సర్దుకోవాలన్న నియమంగా మారడం నన్ను కలవరపెడుతోంది. రోజుల సంఖ్య చూసి సంతోషించేవారు ఈ సంగతి కూడా చదవాలని కోరుతున్నాను.

ప్రశ్న: మా ఊళ్లో నాలుగు ఇళ్లూ, ట్రాక్టరూ ఉన్నవాళ్లు కూడా స్టోరు బియ్యం తీసుకుంటున్నారు. పేదవాళ్లకు మాత్రమే ఇస్తే ఇంకా ఎక్కువ ఇవ్వొచ్చు కదండీ?
– గృహిణి, నార్పల మండలం

జవాబు: మీ కడుపుమంట న్యాయమైనదేనమ్మా. కానీ ఆ ట్రాక్టరు యజమానిని తీసేయడానికి పెట్టే జల్లెడలో ముందుగా ఎవరు రాలిపోతారో ఒకసారి చూడండి.

కొన్నేళ్ల కిందట ఒక పల్లెలో చౌక దుకాణం ముందు నేను గంటసేపు నిలబడ్డాను. డెబ్బై ఏళ్లు దాటిన ఒక అవ్వ యంత్రం మీద బొటనవేలు పెట్టింది, పడలేదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. డీలరు ఇచ్చిన తడిగుడ్డతో రుద్దుకుని చూపుడువేలు పెట్టింది, అదీ పడలేదు. ఏళ్ల తరబడి చెనిక్కాయలు ఒలిచి, కలుపు తీసి ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. ఏడోసారి ఎడమచేతి ఉంగరపు వేలు పడింది. ఆమె వెనుక నిలబడిన మోటారు సైకిలు కుర్రాడికి మొదటిసారే పడింది. పని చేసి అరిగిన చేతినే యంత్రం గుర్తుపట్టలేదు.

1983లో రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు కార్డు చాలా కుటుంబాలకు అందింది. 1997లో కేంద్రం దారిద్ర్యరేఖకు పైన, కింద అని విడదీసింది. ఆ విభజనలో అర్హులైన లక్షల కుటుంబాలు బయట పడిపోయాయని వామపక్ష ఆర్థికవేత్తలు మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. దారిద్ర్యరేఖే మనిషికి కావలసిన తిండిని తక్కువగా లెక్కగట్టిందని ఉత్సా పట్నాయక్ వాదించారు. 2013 ఆహార భద్రతా చట్టం గ్రామాల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభాను చేర్చి, మనిషికి నెలకు ఐదు కిలోలని నిర్ణయించింది. తమిళనాడులో మాత్రం కార్డున్న దాదాపు అందరికీ బియ్యం ఇస్తారు, అక్కడి దుకాణాలు బాగా నడుస్తాయన్న పేరూ ఉంది.

ఇందులో రాజకీయం కూడా ఉంది. స్వీడన్‌కు చెందిన సామాజిక శాస్త్రవేత్తలు వాల్టర్ కోర్పి, యోకిమ్ పాల్మె 1998లో సంపన్న దేశాలను పోల్చి చూసి, పేదలకు మాత్రమే అని గిరిగీసిన దేశాల్లో పేదరికం తగ్గింపు తక్కువగా ఉందనీ, అందరినీ కలుపుకున్న దేశాల్లో ఎక్కువగా ఉందనీ చూపారు. నలుగురికీ అవసరమైన దుకాణంలో బియ్యం పురుగు పడితే ఊరంతా అడుగుతుంది. పేదవాళ్లకే పరిమితమైన దుకాణాన్ని పట్టించుకునేవారు ఉండరు. కేంద్రం ఇచ్చే వృద్ధాప్య పింఛను వాటా 60 నుంచి 79 ఏళ్లవారికి ఏళ్ల తరబడి 200 రూపాయల దగ్గరే ఎందుకు ఆగిపోయిందో ఆలోచించండి. మన రాష్ట్రంలో 2024 జులై నుంచి 4,000 వస్తోందంటే, ఎన్నికల్లో దాన్ని అడిగేవారు ఊరూరా ఉండబట్టే. ట్రాక్టరు ఉన్నాయన దగ్గర నుంచి ఆ బియ్యం విలువను పన్ను రూపంలో రాబట్టవచ్చు. వేలిముద్ర పడని అవ్వకు పోయిన నెల తిండిని తిరిగి ఇవ్వలేము.

ప్రశ్న: ఇంత డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? అప్పులు చేసి పంచడమేనా అభ్యుదయం?
– విశ్రాంత ఉద్యోగి, ధర్మవరం

జవాబు: అప్పు చేసి పంచడం నాకూ సమ్మతం కాదు. రాష్ట్రాలకు ఆ గతి పట్టడానికి కారణం సంపద మీద పన్ను వేసే అధికారం, ధైర్యం ఉన్నచోట దాన్ని వాడకపోవడం. మన దేశంలో వారసత్వ ఆస్తిపై పన్ను 1985లో పోయింది. సంపద పన్ను 2015లో రద్దయింది. 2019లో కంపెనీల పన్ను రేటును 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. ఫ్రాన్స్ ఆర్థికవేత్త టోమా పికెటీ బృందం 2024లో ప్రచురించిన లెక్క ప్రకారం 2022-23లో దేశ సంపదలో 40 శాతానికి పైగా ఒక్క శాతం మంది చేతుల్లో ఉంది. వామపక్ష ఆర్థికవేత్తలు ప్రభాత్ పట్నాయక్, జయతీ ఘోష్ తిండి, పని, వైద్యం, చదువు, పింఛను అందరికీ హక్కులుగా ఇవ్వాలనీ, అందుకు సంపద పన్ను, వారసత్వ పన్ను మళ్లీ తేవాలనీ చాలాకాలంగా చెబుతున్నారు. మీరు జీతం తీసుకున్నన్నాళ్లూ పన్ను జీతంలోనే కోసుకున్నారు. ఆ నియమం పెద్ద ఆస్తులకూ వర్తించాలని అడగడంలో అన్యాయమేమీ లేదు.

ప్రశ్న: నేను నాలుగెకరాలు గుత్తకు తీసుకుని చెనిక్కాయ, కంది వేస్తున్నాను. రైతు సాయం నాకు రాదు, భూమి ఉన్న ఆసామికి వస్తుంది. ఆయన బెంగళూరులో ఉంటాడు. దీని గురించి ఎవరూ మాట్లాడరేం?
– గుత్త రైతు, కళ్యాణదుర్గం ప్రాంతం

జవాబు: మాట్లాడేవారు ఉన్నారు కానీ చాలినంత గట్టిగా లేరన్నది ఒప్పుకోవాలి. 2018లో తెలంగాణ రైతుబంధు ఎకరాన్ని లెక్కగా తీసుకుంది. 2019లో మొదలైన కేంద్రపు పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలను భూమి పట్టా ఉన్న కుటుంబానికే ఇచ్చింది. ఈ రెండింటిలోనూ సాగుచేసే మనిషికంటే పాసుపుస్తకమే రైతుగా నిలబడింది. సాగు చేయని ఆసామికి డబ్బు వస్తే ఆయన గుత్త తగ్గించడు, మరుసటి ఏడాది పెంచినా అడిగేవారుండరు. నగదు బదిలీని సమర్థించే వామపక్ష మిత్రులు తమ లెక్కల్లో కౌలు బేరాన్ని తగినంతగా చూడకపోవడం పెద్ద లోపం.

మన రాష్ట్రంలో 2011 నాటి చట్టం కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు రావాలంటే భూ యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి చేజారిపోతుందన్న భయంతో ఆసాములు పెట్టరు. ఆ చట్టంలో యజమాని హక్కుకు భంగం ఉండదని స్పష్టంగా ఉంది కాబట్టి, ఆ మాట ఊళ్లో నలుగురు పెద్దల ముందు చదివి వినిపించి అడగండి. సంతకం దొరికితే ఆ కార్డుతో పంట రుణానికి, పంట నష్టపరిహారానికి మీ పేరు మీదే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒప్పందం 11 నెలలకే చెల్లుతుంది గనుక వచ్చే ఏడాది విత్తనం వేసే ముందు ఆయన దగ్గరకు మళ్లీ వెళ్లవలసిందే. యజమాని సంతకం లేకుండా, పొలంలో విత్తినవారిని గ్రామసభలో గుర్తించి కార్డు ఇవ్వాలన్నది కౌలు రైతుల తరఫున పనిచేసేవారి డిమాండు. నేను దాన్ని పూర్తిగా సమర్థిస్తున్నాను. మీ ఊరి గుత్త రైతులందరూ కలిసి అదే మాట రాసిన అర్జీ ఒకటి తహసీల్దారుకు ఇచ్చి, దాని నకలు మాకూ పంపండి; వచ్చే నెల ఈ శీర్షికలో అచ్చు వేస్తాము.