ఆటలతో నేర్పే కిట్లు డిజైన్ చేసే పనిలోకి రావాలంటే డిజైన్ డిగ్రీ ఉండాలా? రోజూ ఏం పని ఉంటుంది?

నాలుగేళ్లు చిన్న తరగతులకు పాఠాలు చెప్పానని, ఇప్పుడు పిల్లల కోసం ఆటల కిట్లు, వర్క్‌షాపులు తయారుచేసే పనిలోకి రావాలని ఉందని రాశారు. బొమ్మలు వేయడం రాదు, డిజైన్ చదవలేదు అన్నవి మీ రెండు భయాలు. నిశ్చింతగా రావచ్చు. నేనూ తరగతి గదిలోంచే వచ్చాను, పదకొండేళ్లయింది. బొమ్మలు వేసేవాళ్లు, ప్యాకింగ్ చూసేవాళ్లు టీంలో వేరే ఉంటారు. మనం తేవాల్సింది ఇంకొకటి.

చాలామంది ఈ పనంటే కొత్త కొత్త ఆటలు కనిపెట్టడం అనుకుంటారు. ఆ పని ఉంటుంది గానీ కొంచెమే. పిల్లలు ఆడుతుంటే పక్కన కూర్చుని చూడటం, చూసింది చూసినట్టు రాసుకోవడం, సామాను మార్చి మళ్లీ వాళ్ల ముందు పెట్టడం, రోజులో ఎక్కువ భాగం ఇదే. పిల్లలు తమంతట తాము తేల్చుకోవాల్సిన చోట మన మాట, మన సూచన ఎక్కడ అడ్డొస్తోందో పసిగట్టి తీసేయడమే ఈ పనిలో అసలు కష్టం. నాకిది ఒక నీడల కిట్ దగ్గర తెలిసొచ్చింది.

అది ఆరేడేళ్ల పిల్లల కోసం. టార్చి, అట్ట బొమ్మలు, తెల్ల తెర, మూడు మెట్లున్న సూచనల కార్డు. బొమ్మను టార్చి దగ్గరికి తెస్తే నీడ పెద్దదవుతుంది, దూరం జరిపితే చిన్నదవుతుంది. నేర్పాల్సింది అంతే. మొదటి ట్రయల్‌లో ఒక పాప కార్డు వైపు చూడనే లేదు. టార్చిని అరచేతికి ఆనించి వెలిగించింది. వేళ్లు ఎర్రగా మెరిశాయి. "నా చెయ్యి లోపల లైటుంది!" అని పక్కవాళ్లను పిలిచింది. నేనేమో "ముందు కార్డులో ఉన్నది చేద్దాం తల్లీ" అన్నాను. ఆ పిల్ల బుద్ధిగా టార్చి కింద పెట్టి, మూడు మెట్లూ నాలుగు నిమిషాల్లో పూర్తి చేసి, "అయిపోయిందా? ఇక వెళ్లనా?" అని అడిగింది.

పాఠం పూర్తయింది, ఆసక్తి చచ్చిపోయింది. చంపింది నేనే. టీచరుగా నాలో అలవాటైన ఆ "ముందు ఇది చేద్దాం" మీలోనూ ఉంటుంది. ఇందులోకి వచ్చాక మొదట వదిలించుకోవాల్సింది దాన్నే.

తర్వాత కార్డు తీసేశాం. దాని బదులు పెట్టె మూత మీద ఒకే ప్రశ్న రాశాం: "వెలుతురు దేనిలోంచి దూరుతుంది?" ట్రేసింగ్ పేపరు, రంగు జిలుగు కాగితాలు, దోమతెర ముక్క, వెండి రంగు రేకు, మందపాటి గుడ్డ చేర్చాం. ఈసారి పిల్లలు నలభై నిమిషాలు కదల్లేదు. ఒక అబ్బాయి మామూలు కాగితాన్ని నీళ్లతో తడిపి, తడిసిన చోట వెలుతురు ఎక్కువ దూరుతోందని అందరికీ చూపించాడు. మా ప్లానులో ఆ ఊసే లేదు. ఎర్రటి చేతి సంగతి కూడా అందులోనే కలిసిపోయింది. రక్తం, ఒంటి కండ మిగతా రంగుల్ని చాలావరకు పీల్చేసుకుంటాయి, ఎరుపే ఎక్కువగా బయటికొస్తుంది. ఈ ముక్క పిల్లలు అడిగినప్పుడే చెప్పాం.

మరి నీడ సైజు సంగతి? మొదట్లో వాళ్లకది అర్థం కాకపోవడానికి కారణం సామానులోనే ఉంది. ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో బొమ్మ. రెండూ కదులుతుంటే దేనివల్ల నీడ మారిందో ఎలా తెలుస్తుంది? టార్చికి ఒక స్టాండు చేశాం. ఇక కదిలేది బొమ్మ ఒక్కటే. అప్పుడు ఎవరూ చెప్పకుండానే రాక్షసుడి నీడ తెరంతా నిండేలా చేయడం మొదలుపెట్టారు. టార్చినీ మార్చాం. మొదటిదానిలో చిన్న ఎల్ఈడీలు చాలా ఉండేవి, ఒక్కో ఎల్ఈడీ ఒక్కో నీడ వేసి అంచులన్నీ అలుక్కుపోయేవి. ఒకే ఎల్ఈడీ ఉన్నది తెచ్చాక నీడ కత్తిరించినట్టు పడింది. ఇలాంటివి కాగితం మీద తట్టవు, నేల మీద కూర్చుంటేనే కనిపిస్తాయి.

ఈ దారి మనకంటే చాలా ముందే వేశారు. ఫ్రోబెల్ 1837లో జర్మనీలో మొదలుపెట్టిన బడిలో ఉన్ని బంతులు, చెక్క దిమ్మలే పాఠాలు. మాంటిస్సోరి 1907లో రోమ్‌లో "పిల్లల ఇల్లు" అనే తన మొదటి బడి తెరిచింది. ఆమె పద్ధతిలో చెక్క స్థూపాలుంటాయి, దిమ్మలో ఒక్కోదానికి సరిపోయే గుంట ఒక్కోటి ఉంటుంది; ఎక్కడైనా దొరికితే చేత్తో పట్టుకుని చూడండి. ఒకటి వేరే గుంటలో పెడితే చివరికి ఇంకొకటి మిగిలిపోతుంది లేదా పట్టదు. తప్పు ఎక్కడుందో సామానే చెబుతుంది, పెద్దవాళ్లు నోరు తెరవక్కర్లేదు. నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకు మించిన డిజైన్ పాఠం లేదు. పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేసినవాళ్లలో ఒకడైన సేమర్ పేపర్ట్, నేల తక్కువగా, కప్పు ఎత్తుగా ఉండాలనేవాడు: మొదలుపెట్టడం తేలిక, వెళ్లగలిగినంత దూరం వెళ్లే వీలు. పిల్లలు సొంతంగా ఆటలు, కథలు ప్రోగ్రాం చేసుకునే స్క్రాచ్ 2007లో వచ్చింది; దాని వెనకున్న మిచెల్ రెస్నిక్ పేపర్ట్ మాటకు విశాలమైన గోడలు కూడా ఉండాలని చేర్చాడు, అంటే ఎవరికి నచ్చిన దారిలో వాళ్లు వెళ్లే వీలు. మా మీటింగుల్లో ఈ మాటలు రోజూ వినపడతాయి.

పని ఇచ్చేవాళ్లతో వాదించాల్సిన రోజులుంటాయి. అందరూ అడిగేది ఒకటే: "స్టార్లు, పాయింట్లు పెట్టండి, పిల్లలు ఉత్సాహంగా ఆడతారు." నేను 1973 నాటి లెపర్, గ్రీన్, నిస్బెట్ ప్రయోగం చెబుతాను. బొమ్మలు వేయడమంటే ముందే ఇష్టమున్న నర్సరీ పిల్లల్లో కొందరికి, వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందుగా చెప్పారు. కొన్నాళ్ల తర్వాత చూస్తే, స్వేచ్ఛగా ఆడుకునే సమయంలో వాళ్లు బొమ్మలు వేసేది మిగతావాళ్లకంటే తగ్గిపోయింది. ఏమీ చెప్పకుండా చివర్లో ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల లేదు. ఇష్టంగా చేసేదానికి కూలి కట్టొద్దని నేను ఇప్పటికీ గట్టిగా పట్టుబడతాను. కొన్నిసార్లు నెగ్గను.

భద్రత గురించి ఎవరూ ముందుగా చెప్పరు, కాబట్టి నేను చెబుతాను. మూడేళ్లలోపు పిల్లల సామానులో ఏ ముక్కా 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న పరీక్ష గొట్టంలో పూర్తిగా పట్టేంత చిన్నదిగా ఉండకూడదు. బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. మా టార్చి మూతకు స్క్రూ పెట్టించింది అందుకే. దాంతో ఖర్చు పెరిగింది, తయారీ ఆలస్యమైంది. పెరగనీ.

ఉద్యోగాలు సైన్స్ మ్యూజియంలు, బొమ్మల కంపెనీలు, పిల్లల యాప్‌లు, ప్రచురణ సంస్థలు, లైబ్రరీలు, స్వచ్ఛంద సంస్థల్లో ఉంటాయి. అన్నిచోట్లా ఒకే పేరుతో ఉండవు, లెర్నింగ్ డిజైనర్, కరిక్యులం డిజైనర్, మ్యూజియం ఎడ్యుకేటర్ అని రకరకాలుగా వెతకాలి. ఫ్రీలాన్స్‌గా చేస్తే ఆదాయం నెలనెలా ఒకేలా రాదు. మొదటి రెండేళ్లు బడి ఉద్యోగం వదలకుండా సెలవుల్లో వర్క్‌షాపులు చేశాను, మీకూ అదే చెబుతాను.

పోర్ట్‌ఫోలియోలో పది అందమైన ఐడియాలు పెట్టకండి. ఒకే ఆట, మూడు వెర్షన్లు చాలు. ప్రతి వెర్షన్ పక్కన పిల్లలు ఏం చేశారో, మీరు ఏం మార్చారో రాయండి. ఫొటోలు తల్లిదండ్రుల అనుమతితోనే, వీలైతే చేతులు మాత్రమే కనిపించేలా తీయండి. ఇంటర్వ్యూల్లో నేను అటువైపు కూర్చున్నప్పుడు మొదట అడిగేది, రెండో వెర్షన్‌లో ఏం తీసేశారు, ఏ పిల్లవాణ్ణి చూసి తీసేశారు అని.