ముల్లు ఎప్పుడు లేస్తోంది?

మేస్త్రిగారూ, మాది 1996 మారుతి 800, ఏసీ లేనిది. నాన్నగారు కొన్న బండి. ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. పోయిన నెల రేడియేటర్ ఫ్యాన్ మోటారు కాలిపోతే ఇక్కడే ఓ షాపులో కొత్తది వేయించాను. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. ఏలూరు నుంచి విజయవాడ దాకా హైవే మీద టెంపరేచర్ ముల్లు సగం దాటదు. రామవరప్పాడు రింగు దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే చాలు, ఎర్రగీత పట్టేస్తుంది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. షాపతను థర్మోస్టాట్ పీకేశాడు, తగ్గలేదు. ఇప్పుడు రేడియేటర్ మార్చాలంటున్నాడు. ఇంట్లోవాళ్లు తుక్కుకి ఇచ్చేయమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఏలూరు

తుక్కుకి ఇవ్వకండమ్మా. రేడియేటర్ కూడా ఇప్పుడే కొనకండి. సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. నడుస్తుంటే బాగుంటోంది, ఆగితే వేడెక్కుతోంది అన్నారు. రేడియేటర్ లోపల పూడుకుపోయిన బండి హైవే మీద ఎనభైలో లాగుతున్నప్పుడో, ఘాట్ ఎక్కుతున్నప్పుడో ముందు బయటపడుతుంది. ఎందుకంటే ఇంజిన్ కష్టపడేది అప్పుడే. మీకు అక్కడ ఏ ఇబ్బందీ లేదు. పరుగు మీద ఎదురుగాలి చేసే పని, ఆగినప్పుడు ఫ్యాన్ చేయాలి. అది చేయడం లేదు. తిరుగుతోందిగా అంటారు. ఎటు తిరుగుతోంది?

ఆటోనగర్‌లో నా షెడ్డుకి ఓసారి అచ్చం ఇలాంటి తెల్ల 800 వచ్చింది. నీళ్లు చూశాను, పంపు చూశాను, బెల్టు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇంజిన్ ఆన్‌లో పెట్టి గ్రిల్ ముందు నిలబడ్డాను. ఫ్యాన్ అందుకోగానే మోకాళ్లకి వేడిగాలి కొట్టింది. ముందునుంచి లోపలికి పోవలసిన గాలి బయటికొస్తోంది! ఎవరో మోటారు మార్చినప్పుడు రెండు వైర్లు అటుదిటు కలిపేశారు. పాత ప్రీమియర్ పద్మిని కారుకి ఈ బాధ లేదు, దాని ఫ్యాన్ ఇంజిన్ బెల్టుతోనే తిరిగేది. 800కి ఉన్నది కరెంటు ఫ్యాన్. ప్లస్, మైనస్ మారితే వెనక్కి తిరుగుతుంది. శబ్దం అదే, చూడ్డానికీ తేడా తెలియదు.

మీరే చూసుకోవచ్చు. హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్ చేసి ఉంచండి. ఫ్యాన్ అందుకోగానే ఒక న్యూస్‌పేపర్ షీటు గ్రిల్ ముందు పట్టుకోండి. లోపలికి లాగి గ్రిల్‌కి అతుక్కుంటే ఫ్యాన్ సరైన దిక్కునే తిరుగుతోంది. మీ వైపు ఎగిరితే వైర్లు తారుమారయ్యాయి. ఎలక్ట్రీషియన్‌కి పది నిమిషాల పని. బానెట్ తీసి చూసేటప్పుడు కొంగు గట్టిగా దోపుకోండి, వేళ్లు లోపల పెట్టకండి. ఆ ఫ్యాన్ చెప్పి తిరగదు.

కాగితం అతుక్కోకుండా ఊరికే అల్లల్లాడితే మోటారు బలహీనమైనదని, లేదా రేడియేటర్ రెక్కల్లో పురుగులు, దుమ్ము పేరుకున్నాయని అర్థం. ఇంజిన్ చల్లారాక, ఇంజిన్ వైపు నుంచి ముందుకి మామూలు పైపు నీళ్లు వదిలి కడిగించండి. ప్రెషర్ వాష్ వద్దు, రెక్కలు మడిచేస్తుంది.

ఏది తేలినా థర్మోస్టాట్ తిరిగి పెట్టించండి. దీని మీద నాకు గట్టి పట్టింపు ఉంది. వేడెక్కిందంటే చాలు, చాలా షాపుల్లో ముందు దాన్నే పీకేస్తారు. నీళ్లు 82 డిగ్రీల దరిదాపుకి వచ్చేదాకా వాటిని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపేది అదే. అది లేకపోతే చలికాలం ఉదయం ఇంజిన్ వేడందుకోదు, పెట్రోల్ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది.

ఇంకొకటి. ముల్లు చాలాసార్లు ఎర్రగీత దాకా వెళ్లిందన్నారు కాబట్టి హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ పైభాగమైన హెడ్‌కీ కింది దిమ్మకీ మధ్య ఉండే సీలు, చూపించాలి. ఈ బండి హెడ్ అల్యూమినియంది, వేడికి వంగుతుంది. పొద్దున్నే చల్లని ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తూంటే, లేదా ఆయిల్ మూత కింద పాలు కలిపిన కాఫీ రంగు మడ్డి కనిపిస్తే గాస్కెట్ పోయి ఉండొచ్చు. అదే తేలితే హెడ్ ఊడదీసి, లేత్‌లో ఫేసింగ్ చేయించాలి, అంటే వంగిన అడుగు సమం చేయించాలి. పెద్ద ఖర్చే గానీ, ప్రాణం మీదికి వచ్చేదేం కాదు.

ఈలోగా మళ్లీ ముల్లు లేస్తే పక్కకి ఆపి ఇంజిన్ కట్టేయండి. మూత ముట్టుకోకండి. ప్రెషర్‌లో ఉన్న నీళ్లు వంద దాటి దాదాపు 118 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి, మూత తిప్పగానే ఒక్కసారిగా మొహం మీదికి తన్నుతాయి. పైన చల్లనీళ్లు కూడా పోయకండి, హెడ్ పగులుతుంది. అరగంట ఆగండి, చాలు.

కాగితం ఎటు ఎగిరిందో రాయండమ్మా. మీ నాన్నగారి బండికి అవసరమైన సామాను ఆటోనగర్‌లో ఇంకా దొరుకుతోంది.