సెన్సర్ ‘పోయింది’ అనవచ్చా?

సందేహం: ఎర్రగుంట్ల దగ్గర కడప బండల గోడౌనులో బ్యాటరీ ఫోర్క్‌లిఫ్టు చూసుకుంటాను. మొన్న డిస్‌ప్లేలో మోటారు వేగం కనిపెట్టే స్పీడు సెన్సర్ లోపం కోడ్ వచ్చింది. రిజిస్టరులో ‘సెన్సర్ పోయింది’ అని రాసి ఇంటికి పోయాను. రాత్రి షిఫ్టువాళ్లు కొత్త సెన్సర్ వేసినా అదే కోడ్. తీరా చూస్తే కనెక్టరు పిన్నుకు చిలుము! ‘విఫలమైనది’ అని రాయాల్సిందని మా సూపర్‌వైజరు అంటున్నాడు. ఏది సరి?

సమాధానం: ‘పోయింది’ చక్కని తెలుగు మాట. దాన్ని దేనికి తగిలించామన్నదే చూసుకోవాలి. మన వైపు ‘కరెంటు పాయ’ అంటే కాసేపటికి వస్తుందని అర్థం. ‘బల్బు పోయింది’ అంటే కొత్తది తెమ్మని. ప్రవహించేది పోతే తిరిగి రావచ్చు, వస్తువు పోతే చెడినట్టే. మీ వాక్యంలో కర్త సెన్సర్, అంటే వస్తువు. చదివినవాళ్లు మార్చేశారు, వాళ్ల తప్పేం లేదు. ‘సెన్సర్ సిగ్నలు పోయింది’ అని ఒక్క మాట చేర్చి ఉంటే దారిలో ఎక్కడ ఆగిందో వెతికేవాళ్లు.

‘విఫలమైనది’ నాకు రుచించలేదు. ఫలం దక్కనిది విఫలం. ప్రయత్నాలు, చర్చలు విఫలమవుతాయి. పైగా అదీ సెన్సర్ మీదే నేరం మోపుతుంది.

కోడ్ ఇచ్చేది కంట్రోలరు, అంటే మోటారును అదుపుచేసే ఎలక్ట్రానిక్ పెట్టె. అది తీగకు ఒక కొసన ఉంటుంది, తన దాకా సిగ్నలు చేరిందో లేదో అంతవరకే దానికి తెలుసు. నడుమ తీగ తెగినా, పిన్ను వదులైనా, సెన్సరే చెడినా అదే కోడ్ రావచ్చు. బ్యాటరీ బండ్లు బాగుచేసే మిత్రుణ్ణి అడిగితే, ముందు సెన్సర్ దగ్గర మీటరు పెట్టి దానికి సప్లై వస్తోందా అని చూస్తామన్నాడు. రాకపోతే తీగనో కనెక్టరునో పట్టుకోవాలి. సప్లై ఉండి, మోటారు తిరుగుతున్నా సిగ్నలు పుట్టకపోతే అప్పుడు సెన్సర్ మీద అనుమానం.

రిజిస్టరుకు పనికొచ్చే సంపద మన వ్యతిరేక క్రియల్లో ఉంది. ‘సిగ్నలు అందడం లేదు’ అంటే కోడ్ ఇప్పుడూ నిలిచే ఉంది. ‘అందలేదు’ అంటే ఒకసారి జరిగి సర్దుకుంది, కోడ్ బండి జ్ఞాపకంలో మిగిలింది. ‘గుంతలో దిగినప్పుడు అందదు’ అంటే అదే అలవాటు. ఈ మూడోది చదివిన మెకానిక్కు కొత్త సెన్సర్ కోసం స్టోరుకు పోడు, ముందు తీగను కదిపి చూస్తాడు. మూడు రూపాల్లో మూడు స్థితులు! ‘విఫలమైనది’ అన్న ఒక్క మాటలో ఈ తేడా ఎక్కడుంది?

కాబట్టి కోడ్‌ను అంకెలతో సహా ఉన్నదున్నట్టు దించి, పక్కన ఇలా రాయండి: ‘స్పీడు సెన్సర్ సిగ్నలు అందడం లేదు. బరువెత్తి కదిలిస్తే కోడ్ వచ్చింది. సెన్సర్, కనెక్టరు చూడలేదు.’ చూడనిది చూడలేదని రాయడం ముఖ్యం.

మీరు ‘చిలుము’ అన్నందుకు సంతోషం. ‘కార్బన్ పట్టింది’ అనేవాళ్లే ఎక్కువ. ఇనుముకు పట్టేది తుప్పు, రాగికీ ఇత్తడికీ పట్టేది చిలుము. ఆ మాట ఒక్కటి రాసినా, చెడింది బండి ఇనుము కాదు, కరెంటు పారే రాగి అని చదివేవాడికి తెలుస్తుంది.