కోటు కత్తిరించింది ఎవరి కొలతతో?

ప్రశ్న: గ్లాస్గోలో చదువుకున్నాను. గ్రాడ్యుయేషన్‌కి స్కాట్లాండ్ సంప్రదాయ గళ్ల లంగా, అంటే కిల్ట్, కట్టుకోవాలని, విరాళంగా వచ్చిన పాత వస్తువులమ్మే చారిటీ షాపులో 35 పౌండ్లకు పాత హ్యారిస్ ట్వీడ్ (మందపాటి ఉన్ని గుడ్డ) కోటు కొన్నాను. దాన్ని కిల్ట్ జాకెట్‌గా మార్చమని ఒక టైలర్‌కు డెబిట్ కార్డుతో 90 పౌండ్లు కట్టాను. కోటు మరీ పొట్టిదైపోయింది, కింది జేబులు తెగిపోయాయి. హన్మకొండ నుంచి వచ్చిన అమ్మానాన్నల ముందు అద్దె జాకెట్‌తో నిలబడాల్సి వచ్చింది. ఎనిమిది నెలలైంది. 30 రోజులు దాటితే హక్కు పోతుందట. రసీదు మీద ‘కోటు పొట్టి చేయాలి’ అని మాత్రమే ఉంది. ‘కిల్ట్ మీదికి సరిపోయేలా నేను చూసుకుంటాను’ అని టైలర్ పంపిన మెసేజ్ పాత ఫోన్‌లో ఉండాలి. కొత్త కోటు ఖరీదు, మానసిక వేదనకు పరిహారం వస్తాయా? ఆ చెల్లింపు నేను చేయలేదని బ్యాంకుకు చెబితే చాలని ఫ్రెండ్ అంటున్నాడు.

జవాబు: మీ కేసంతా ఆ పాత ఫోన్‌లో ఉంది. మీరేమో దాన్ని చివర్లో, ‘ఉండాలి’ అంటూ రాశారు.

ఎందుకంటే, ఇన్ని అంగుళాలు తగ్గించమని మీరే కొలత చెప్పి ఉంటే, చెప్పినట్టు కత్తిరించిన టైలర్‌ది తప్పు కాదు. రసీదు చూపించి ఆయన అనబోయేది అదే. కిల్ట్ ప్యాంటు కన్నా పైకి, దాదాపు బొడ్డు దగ్గర కడతారు. ముందు వేలాడే స్పోరన్ సంచి కనబడేలా కోటు ముందుభాగం గుండ్రంగా కోయాలి. మామూలు కోటుకు కింది జేబులుండేది సరిగ్గా ఆ కోత పడే చోటే. వాటిని ముందే విప్పి పైకి జరపాలి, లేదా ఈ కోటు పనికిరాదని చెప్పాలి. ‘నేను చూసుకుంటాను’ అన్న మనిషి ఆ బాధ్యత నెత్తిన వేసుకున్నట్టే. 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం పని తగిన నైపుణ్యంతో చేయాలి. వ్యాపారి చెప్పిన మాటను నమ్మి మీరు పని అప్పగిస్తే ఆ మాట ఒప్పందంలో భాగమవుతుంది.

30 రోజుల గడువు కొన్న వస్తువును తిరిగిచ్చేయడానికి. మీ ఫిర్యాదు కోటు మీద కాదు, కుట్టుపని మీద. దానికి స్కాట్లాండ్‌లో గడువు ఐదేళ్లు.

కొత్త కోటు ఖరీదు మరిచిపోండి. మీరు పోగొట్టుకున్నది 35 పౌండ్ల కోటు. కోసిన గుడ్డ మళ్లీ అతకదు కాబట్టి మజూరీ 90 మొత్తం అడగండి. ఏ తేదీకి కావాలో టైలర్‌కు ముందే చెప్పి ఉంటే జాకెట్ అద్దె కూడా కలపండి. 1971లో పెళ్లికి ఫొటోగ్రాఫర్ రాని కేసులో షెరీఫ్ కోర్టు (స్కాట్లాండ్‌లోని స్థానిక కోర్టు) పెళ్లికూతురి మనస్తాపానికి 30 పౌండ్లు ఇప్పించింది. అది పెళ్లి ఫొటోల కోసమే చేసుకున్న ఒప్పందం. మీది కుట్టుపని. వేదన మీద కేసు నిలబెట్టకండి.

మీ ఫ్రెండ్ చెప్పిన పని మాత్రం చేయొద్దు. మీ చేత్తో కట్టిన డబ్బును కట్టలేదని బ్యాంకుకు చెప్పడం మోసం, నేరం. 90 పౌండ్ల కోసం వీసా మీదికి తెచ్చుకుంటారా? పని బాగోలేదని నిజాయితీగా బ్యాంకును అడిగే దారి ఒకటుండేది, కానీ దానికి సాధారణంగా 120 రోజులే. ఆ గడువు మీ అజాగ్రత్త వల్లే పోయింది. కోసిన గుడ్డముక్కలు కూడా ఆ రోజే అడిగి తీసుకోవాల్సింది. ఎంత కోశారో అవే చెప్పేవి.

ఇప్పుడు కోటును ఎవరికీ బాగుచేయడానికి ఇవ్వకండి. ఒక్క కుట్టు విప్పినా సాక్ష్యం చెడుతుంది. తెగిన జేబులను, అసలైన హ్యారిస్ ట్వీడ్ అని చూపే లోపలి ఆర్బ్ లేబుల్‌ను, కిల్ట్ మీద వేసుకుంటే చొక్కా ఎంత బయటపడుతోందో, టేపు పెట్టి ఫొటోలు తీయండి. కిల్ట్‌లు కుట్టే మరొకరికి చూపించి, పనిలో తప్పేమిటో రాయించుకోండి. తర్వాత 14 రోజులు గడువిస్తూ టైలర్‌కు ఉత్తరం రాయండి. బదులు రాకపోతే షెరీఫ్ కోర్టులో సింపుల్ ప్రొసీజర్ అనే తేలిక పద్ధతి కింద ఫారం 3ఏ (దావా పత్రం) వేయండి. 5,000 పౌండ్ల లోపు తగాదాలకు అదే దారి. లాయర్ అక్కర్లేదు, 300 పౌండ్లు దాటని కేసులో లాయర్ ఫీజు సాధారణంగా తిరిగి రాదు కూడా.

వీటన్నిటికన్నా ముందు, ఈ రాత్రే ఆ ఫోన్ ఛార్జింగ్ పెట్టి, తేదీ, నంబరు కనబడేలా ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి మీ ఈమెయిల్‌కు పంపుకోండి.