ఫ్యాన్ లేని రేడియేటర్ విజయనగరం ఎండల్లో పనిచేస్తుందా?

మీరు అడిగింది: ఇంట్లో వయొలిన్ రికార్డ్ చేస్తుంటే కంప్యూటర్ ఫ్యాన్ మోత మైకులో పడుతోంది, వాటర్ కూలింగ్‌కి (పంపుతో నీళ్లు తిప్పి కంప్యూటర్ వేడిని బయటికి తీసే పద్ధతి) ఫ్యాన్ లేని రేడియేటర్ (ఆ నీళ్ల వేడిని గాలికి వదిలే రేకుల పెట్టె) పెట్టొచ్చా అని. పెట్టొచ్చండీ, కానీ సైజు చాలా పెద్దది కావాలి.

కదలని గాలి వేడిని చాలా నెమ్మదిగా లాక్కుంటుంది. 100 వాట్ల వేడి పోవాలంటే, నీళ్లు గది కంటే 20 డిగ్రీలు ఎక్కువ ఉన్నా, సుమారు అర చదరపు మీటరు రేకు కావాలి. మే నెలలో మన గదే 35 డిగ్రీలుంటే నీళ్లు 55కి చేరతాయి. చాలా పంపులకు 60 డిగ్రీలే హద్దు. అందుకే ఒక చదరపు మీటరుకి తగ్గకుండా తీసుకోండి. కారు రేడియేటర్ వద్దు, రేకులు మరీ దగ్గరగా ఉంటాయి. రేకుల మధ్య చిటికెన వేలు పట్టేంత సందు ఉండాలి, నిలువుగా నిలబెట్టాలి, అప్పుడే వేడిగాలి పైకి లేస్తుంది.

మీ పనికి నాకు బాగా నచ్చే దారి ఇంకొకటి: నీళ్లు ఎక్కువ పెట్టడం. 10 లీటర్ల నీళ్లు 100 వాట్లకి ఒక డిగ్రీ ఎక్కడానికి ఏడు నిమిషాలు పడుతుంది. గంట రికార్డింగ్‌కి తొమ్మిది డిగ్రీలు కూడా పెరగవు! అయ్యాక సీలింగ్ ఫ్యాన్ వేస్తే అదే చల్లబడుతుంది.

ప్రాసెసర్ మీద కూర్చునే రాగి బ్లాక్‌తో అల్యూమినియం రేడియేటర్ మాత్రం కలపకండి, రాగి వల్ల అల్యూమినియం తినుకుపోతుంది. పంపు గుయ్‌మనకుండా కింద మెత్తటి స్పాంజి పెట్టండి.