స్టాక్‌ఫిష్ కోడ్‌తో వచ్చినవాళ్లను చెస్ ఇంజన్ల పోటీలో ఆడనివ్వాలా?

పర్లాకిమిడిలో మీ కాలేజీ పిల్లలు రాసిన చెస్ ప్రోగ్రామ్‌ల (వీటినే ఇంజన్లు అంటాం) మధ్య పోటీ పెడుతున్నామని, ఎవరైనా స్టాక్‌ఫిష్‌కి, అంటే ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే చాలా బలమైన ఇంజన్‌కి, పేరు మార్చి తెస్తే ఏం చేయాలని అడిగారు. గుణుపురంలోనూ రాయగడలోనూ ఇలాంటి పోటీలకు ఆర్బిటర్‌గా కూర్చున్నాను, ఆ అనుభవంతో చెబుతున్నాను. ఆడనివ్వకండి. అయితే ఆ మాట పోటీ రోజు నోటితో చెబితే చాలదు. పేర్లు నమోదు చేసుకునే రోజుకే కాగితం మీద ఉండాలి. తప్పు తేలితే శిక్ష ఏమిటో కూడా అందులోనే రాయాలి.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ప్రపంచ స్థాయిలోనే ఈ గొడవ జరిగింది. రిబ్కా అనే ఇంజన్ 2007 నుంచి 2010 దాకా వరసగా ప్రపంచ కంప్యూటర్ చెస్ టైటిల్ గెలిచింది. అందులో ఫ్రూట్, క్రాఫ్టీ అనే వేరే ఇంజన్ల కోడ్ ఉందని, ఆ సంగతి దాచారని తోటి ప్రోగ్రామర్లు ఫిర్యాదు చేశారు. పోటీలు నడిపే ఐసీజీఏ (అంతర్జాతీయ కంప్యూటర్ గేమ్స్ సంఘం) విచారణ జరిపి 2011 జూన్‌లో ఆ టైటిళ్లన్నీ వెనక్కి తీసుకుంది, రచయిత వాసిక్ రాజ్‌లిక్‌ను జీవితకాలం నిషేధించింది. కాపీ కొట్టలేదనే ఆయన వాదించారు. చివరికి 2015లో ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ఎథిక్స్ కమిషన్ ఆ జీవితకాల నిషేధం విషయంలో ఐసీజీఏనే తప్పుపట్టింది. అంత శిక్ష వేయడానికి వాళ్ల నిబంధనల్లో సరైన ఆధారం లేదని. అంత పెద్ద సంస్థకే ఆ ఇబ్బంది వచ్చినప్పుడు మన కాలేజీ పోటీల సంగతి చెప్పక్కర్లేదు.

నేను చూసిన ఒక పోటీలో నిర్వాహకులు "ప్రోగ్రామ్ సొంతంగా రాసినదై ఉండాలి" అని ఒక్క లైను రాసి వదిలేశారు. ఒక కుర్రాడి ఇంజన్ మొదటి రౌండ్ నుంచే అందరినీ ఇరవై ఎత్తుల్లో చిత్తు చేస్తోంది. అనుమానం వచ్చి అతని ముందే టెర్మినల్ తెరిచి, ఆ ఇంజన్‌కి "బెంచ్" అని టైప్ చేశాను. స్టాక్‌ఫిష్‌లో ఉండే కమాండ్ అది. కొన్ని పొజిషన్లు తనంతట తానే లెక్కించుకుని, మొత్తం ఎన్ని నోడ్లు (వెతుకులాటలో చూసిన పొజిషన్లు) వెతికిందో చివర్లో చూపిస్తుంది. ఒకే కోడ్, ఒకే సెట్టింగ్ అయితే ఆ సంఖ్య ఏ కంప్యూటర్ మీదైనా మారదు. అతని తెర మీద వచ్చిన సంఖ్యనూ స్టాక్‌ఫిష్ వెర్షన్ ఇచ్చిన సంఖ్యనూ పక్కపక్కన పెట్టి చూస్తే చివరి అంకెతో సహా ఒకటే. మార్చింది ఇంజన్ పేరు, రచయిత పేరు, అంతే.

"సార్, అది ఇంటర్నెట్‌లో ఫ్రీగానే ఉంది కదా" అన్నాడు. వాళ్ల నాన్నగారు కూడా అదే పట్టు పట్టారు, కాపీ కొట్టకూడదని ఎక్కడ రాశారో చూపించమన్నారు. చూపించడానికి ఏమీ లేదు. ఆ మధ్యాహ్నం రౌండ్ మొత్తం ఆగిపోయింది.

ఫ్రీ అన్నది నిజమే. స్టాక్‌ఫిష్ లైసెన్స్ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చవచ్చు, కానీ ఇతరులకు పంచేటప్పుడు అదే లైసెన్స్ కింద సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి, అసలు రచయితల పేర్లు చెరిపేయకూడదు. చెస్‌బేస్ అమ్మిన ఫ్యాట్ ఫ్రిట్జ్ 2 అనే ఇంజన్ విషయంలో స్టాక్‌ఫిష్ బృందం 2021లో ఆ కంపెనీ మీద జర్మనీలో కోర్టుకెళ్లింది లైసెన్స్ షరతుల గురించే. 2022లో రాజీ కుదిరింది. అసలు స్టాక్‌ఫిష్ పుట్టిందే 2008లో గ్లారుంగ్ అనే మరో ఓపెన్ సోర్స్ ఇంజన్ నుంచి. ఆ సంగతి వాళ్లెప్పుడూ దాచలేదు. ఒకరి పని మీద ఇంకొకరు కట్టుకోవడం తప్పు కాదు, దాచడమే తప్పు. అందుకే వీలైతే రెండు విభాగాలు పెట్టండి: మొత్తం సొంతంగా రాసినవి ఒకటి, ఓపెన్ సోర్స్ తీసుకుని మార్పులు చేసినవి ఒకటి. రెండో విభాగంలో దేన్నుంచి తీసుకున్నారో, ఏం మార్చారో ఫారంలో రాయించండి.

ఆలోచన తీసుకోవడం వేరు, కోడ్ తీసుకోవడం వేరు అని కూడా స్పష్టంగా రాయండి. ఆల్ఫా-బీటా, నల్ మూవ్, హాష్ టేబుల్ లాంటి, ఎత్తులు వెతకడానికి అన్ని ఇంజన్లూ వాడే పద్ధతులు అందరి సొత్తు, ఎవరైనా చదివి రాసుకోవచ్చు. వేరే ఇంజన్ ఫైళ్లు, పావుల విలువల పట్టికలు ఉన్నవి ఉన్నట్టు దించేయడం కుదరదు. దీనికి నేను నమ్మే పరీక్ష ఒక్కటే: రచయితను పక్కన కూర్చోబెట్టుకుని కోడ్ తెరిపించడం. పలాస వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి ఇంజన్ దాదాపు అన్ని ఆటలూ ఓడిపోయింది. కానీ ఏ ఫంక్షన్ మీద వేలు పెట్టినా అది ఎందుకుందో, ముందు ఎలా రాసి ఎందుకు మార్చిందో గడగడా చెప్పింది. క్యాస్లింగ్ చేసేటప్పుడు రాజు దాటే గడికి చెక్ ఉందో లేదో చూడటం మర్చిపోయానని, రాత్రంతా వెతికి ఆ బగ్ పట్టుకున్నానని చెబుతుంటే ఆ పిల్ల ముఖం చూడాలి. ఇలాంటి పిల్లలు స్టాక్‌ఫిష్ చేతిలో ఓడి, తమకు ప్రోగ్రామింగ్ రాదనుకుని వెళ్లిపోతే నాకు నిజంగా బాధగా ఉంటుంది. మీ నియమాలు ముందు వాళ్లను కాపాడాలి.

ఇక మెషిన్ల విషయం. ఎవరి ల్యాప్‌టాప్ మీద వాళ్లను ఆడించవద్దు. మన వైపు కరెంటు సంగతి తెలిసిందే. గుణుపురంలో ఒకసారి ఆట మధ్యలో కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ మీదికి వెళ్లగానే కొన్నిటి ప్రాసెసర్ వేగం సగానికి పడిపోయింది, కొత్తవి బాగానే నడిచాయి. గెలిచే పొజిషన్‌లో ఉన్న ఇంజన్ టైమ్ అయిపోయి ఓడింది. అందరికీ ఒకే మెషిన్, యూపీఎస్, ఒక్కో ఇంజన్‌కి ఒక్క థ్రెడ్ (ఒకే ప్రాసెసర్ కోర్ వాడేలా), సమానమైన హాష్ మెమరీ (లెక్కించిన పొజిషన్లు గుర్తుంచుకునే చోటు) పెట్టండి. ఎదుటివాడి టైమ్‌లో ఆలోచించే పాండరింగ్ ఆపేయండి. 2017లో గూగుల్ డీప్‌మైండ్ వాళ్ల ఆల్ఫాజీరో స్టాక్‌ఫిష్‌ను ఓడించినప్పుడు కూడా పెద్ద వివాదం ఇలాంటి షరతుల మీదే. స్టాక్‌ఫిష్‌కి ఎత్తుకి ఒక నిమిషం, ఒక జీబీ హాష్ మాత్రమే ఇచ్చారని చాలామంది అభ్యంతరం చెప్పారు.

మనిషి చెయ్యి పడకుండా చూడండి. క్యూట్‌చెస్ లాంటి ప్రోగ్రామ్ ఆటంతా తనే నడిపి, డ్రాలు, టైమ్ లెక్కలు చూసుకుంటుంది. 2003లో గ్రాజ్‌లో జరిగిన ప్రపంచ పోటీలో ష్రెడర్ అనే ఇంజన్ మీద ఆడుతున్న జానీ అనే ఇంజన్ ఒకే పొజిషన్ మూడుసార్లు వచ్చిందని, అంటే డ్రా అడగవచ్చని, తెర మీద చూపించింది. ఎత్తులు వేస్తున్నది దాని రచయితే. ఆయన డ్రా అడగకుండా ఆట కొనసాగించారు, ఓడిపోయారు. ఆ ఫలితం అలాగే నిలిచింది. ష్రెడర్, ఫ్రిట్జ్ సమానంగా నిలిచి, టైబ్రేక్‌లో ష్రెడర్ చాంపియన్ అయింది. డ్రా అయి ఉంటే ష్రెడర్‌కి అర పాయింట్ తగ్గేది, ఆ అర పాయింట్ మీద ఎంత గొడవ జరిగిందో చెప్పలేను.

ఓపెనింగ్‌లు మీరే ఎంచండి, ప్రతి ఓపెనింగ్‌నూ తెల్లతో ఒకసారి, నల్లతో ఒకసారి ఆడించండి. టీసెక్ అనే పేరున్న ఇంజన్ల పోటీల్లోనూ అదే పద్ధతి. ఒక్కో జంటకు నాలుగైదు ఆటలతో సరిపెట్టకండి. టైమ్ తగ్గించైనా సరే ఆటలు పెంచండి. నూరు ఆటల్లో 53-47 వచ్చినా అది అదృష్టం కావచ్చు.

నియమాల కాగితం ఇంగ్లీషులో ఒక్కటే కాకుండా తెలుగులో, ఒడియాలో కూడా చదివి వినిపించండి. మీ దగ్గర సగంమంది ఇళ్లలో తెలుగు, సగంమంది ఇళ్లలో ఒడియా. "నాకు అర్థం కాలేదు" అనే అవకాశం ఎవరికీ ఉండకూడదు. ముసాయిదా తయారయ్యాక ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.