గుట్టలు గీసే అమ్మాయి నాటకాలకు సెట్లు వేస్తానంటే

దేవరకొండ నుంచి ఒక నాన్న అడిగారు: "మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఆదివారం వస్తే ఖిల్లా దగ్గర కూర్చొని గుట్టలు గీస్తుంది. నాటకాలకు సెట్లు వేసే పని నేర్చుకుంటానంటోంది. అది తిండి పెట్టే పనేనా?"

అన్నా, సూటిగా చెప్తున్నా. నాటకాలనొక్కటే నమ్ముకుంటే మన దగ్గర జీతంలాగా నెలనెలా డబ్బు రాదు. కానీ అదే చేతిపని సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కి, టీవీకి, ఎగ్జిబిషన్లకి, పెళ్లి మండపాలకీ కావాలి. తోట తరణి గారు ఎంత పెద్ద ఆర్ట్ డైరెక్టరో మీకు తెలుసు, ఆయన పెయింటర్ కూడా. మండపాల పనిని చిన్నచూపు చూడకండి, కొలతలు చేతికొచ్చేది అక్కడే.

ఆ గుట్టలు గీయడం టైంపాస్ అని మాత్రం అనుకోవద్దు. దగ్గరి బండ మీద పగులు కూడా కనిపిస్తుంది, దూరపు గుట్ట లేత నీలంగా మసకబారుతుంది. మీ అమ్మాయి వారంవారం చూసి నేర్చుకుంటున్నది అదే. ఇరవై అడుగుల స్టేజి మీద కోసు దూరం చూపించాలంటే ఆ చూపే కావాలి. 1885 నుంచి నాటకాలాడుతున్న సురభి వాళ్ల అడవి తెర దగ్గరికెళ్లి చూస్తే లావు బ్రష్ గీతలే, పదో వరసలో కూర్చుంటే అడవి.

తను ఇక నేర్చుకోవాల్సింది కొలత, లైటు. కాగితం మీద అంగుళం గళ్లు, తెర మీద సుద్ద దారంతో అడుగు గళ్లు కొట్టి, గడి తర్వాత గడి ఎక్కిస్తారు. ఎంపీసీ వృథా పోదు, 25 అడుగుల స్టేజిని అడుగు మోడల్‌గా చేయాలంటే లెక్క రావాలి కదా. లైటు సంగతి ఈ రాత్రే చూపించండి: టార్చికి ఎర్ర జెలటిన్ పేపర్ చుట్టి తన బొమ్మ మీద వెయ్యమనండి, పచ్చటి ఆకులన్నీ నల్లబడతాయి.

చదువంటే, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ, అంటే జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. అక్కడ బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) పెయింటింగ్ నాలుగేళ్లు, ఇంటర్ ఏ గ్రూపైనా సరే, ఎంట్రెన్స్ రాయాలి. తర్వాత హెచ్‌సీయూలో (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) థియేటర్ ఆర్ట్స్ పీజీ, లేదా ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్లు. ఆ డ్రామా స్కూల్లో స్టైపెండ్ ఇస్తారు గానీ డిగ్రీతో పాటు నాటకాల్లో పనిచేసిన అనుభవం అడుగుతారు, అందుకని బీఎఫ్ఏలో ఉన్నప్పుడే ఏదో ఒక నాటక బృందంతో తిరగాలి, మేకులు కొట్టే పనైనా సరే.

ఆడపిల్ల తండ్రిగా మీకు ఒక మాట ముందే చెప్పాలి. షో అయిన రాత్రే సెట్ విప్పి హాల్ ఖాళీ చేయాలి, ఒంటిగంట అవుతుంది, ఒక్కోసారి రెండు. దాని గురించి ఇద్దరూ ఇప్పుడే కూర్చొని మాట్లాడుకోండి. పరీక్షలయ్యాక హైదరాబాద్‌లో సురభి నాటకం ఎప్పుడుందో కనుక్కొని తనతో మీరూ వెళ్లండి, అయిపోయాక వాళ్లనడిగి తెర వెనక్కి తీసుకెళ్లండి.